తెల్లపిల్లకు నీలం మందు

ఈ పొద్దున, కొత్తగా చేరిన పనిమనిషి పెరట్లో బట్టలుతికే బండను పీచుతో రుద్ది రుద్ది, చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. "ఇదేం మరకండి మేడంగారూ, సబ్బుకి పోలా, సోడాకి పోలా, యాసిడ్ ఏమన్నా ఉంటే ఇయ్యండి" అంది. వెళ్లి చూస్తే బండ మీద కుడివైపు మూలన అరచెయ్యంత మేర ఊదా కలిసిన నీలం. అప్పట్లో ఉన్నంత చిక్కగా లేదు గానీ, ఉంది. "దాని జోలికి వెళ్లకమ్మా, అది ఉండాల్సిన మరకే" అన్నాను. నందిగామలో ఎన్నో ఇళ్లలో పనిచేసిన మనిషి, మరకను దాచుకునే ఇల్లాలిని ఇప్పుడే చూస్తున్నట్టు నా వంక అదోలా చూసి, బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. ఆమెకు చెప్పాలంటే ఒక చీర దగ్గర మొదలుపెట్టాలి, తొమ్మిది కోడిపిల్లల మీదుగా రావాలి. అంతసేపు ఆమె వింటూ కూర్చుంటే అంట్లు ఎవరు తోముతారు? అందుకని మీకు చెబుతున్నాను.

మా ఆయనకు ఒక్కతే అక్క, నాకు వదిన. కాపురం జగ్గయ్యపేటలో. నందిగామలో బస్సెక్కితే ముప్పావుగంటలో దిగిపోతాం, అయినా ఆరేళ్లపాటు ఆ ఊరు నాకు కాశీ కన్నా దూరమైపోయింది. తప్పు నాదే. మా వైపు శుభకార్యానికి ఆడపడుచుకు చీర పెట్టాలి, వాళ్లింట్లో కార్యానికి ఆవిడ మనకు పెడుతుంది. అలా వచ్చిన చీరల్లో మనం కట్టనివాటిని బీరువాలో ఒక అరలో దొంతరగా పెట్టుకుని, అవసరానికి ఇంకొకరికి పెట్టడం ప్రతి ఇల్లాలూ చేసే పనే. ఎవరూ ఒప్పుకోరు, అంతే. తెలివిగలవాళ్లు ఎవరు పెట్టిన చీరో చిన్న చీటీ మీద రాసి మడతలో ఉంచుకుంటారు. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేసినదాన్ని, నాకు ఆపాటి జ్ఞాపకం ఉండదా అని నేను చీటీలు రాయలేదు. మా గృహప్రవేశం నాడు వదినను కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పళ్లెంలో గంధం రంగు చీర పెట్టి ఇచ్చాను. ఆవిడ మడత విప్పింది, కొంగు తిప్పి చూసింది. ఆ కొంగుకు కుచ్చులు ఆవిడ స్వయంగా కూర్చుని వేసినవి. అంతకు మూడేళ్ల ముందు వాళ్లబ్బాయి పెళ్లిలో నాకు పెట్టిన చీర అది.

అంతమందిలో వదిన ఒక్క మాట అనలేదు. చీరను ఉన్న మడతల మీదే మళ్లీ మడిచి, సంచీలో పెట్టుకుని, భోజనం చేసి, పులిహోర బాగుందని చెప్పి మరీ వెళ్లింది. నాలుగు తిట్టినా బాగుండేది, ప్రాణం హాయిగా ఉండేది. ఆ తర్వాత ఆరేళ్లూ ఫోను తమ్ముడికే. ఖర్మ కాలి నేను ఎత్తితే "వాడున్నాడా?" అనేది. లేడంటే "సరేలే" అని పెట్టేసేది. క్షమించమని అడుగుదామని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. కానీ ఏమని అడగాలి? మీ చీరని గుర్తుపట్టలేదు వదినా అంటే అది ఇంకో తప్పు, గుర్తుపట్టే ఇచ్చానంటే అది మహాపాపం.

రెండేళ్ల కిందట వదినకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చెయ్యాలన్నారు. విజయవాడలో ఆసుపత్రి, ఆ తర్వాత అక్కడే కూతురింట్లో నెలన్నర విశ్రాంతి. వదినకు తోడుగా వాళ్లాయన కూడా వెళ్లాలి. ఇంటికి తాళం వేయొచ్చు, పెరట్లో కోళ్లకు ఎలా వేస్తారు? పెద్ద కోళ్లను ఇరుగుపొరుగులు తలా రెండు తీసుకున్నారు గానీ, తల్లి అప్పుడే పొడిచి వదిలేసిన తొమ్మిది పిల్లలు మిగిలిపోయాయి. రెండు నెలలు నిండితే తల్లికోడి పిల్లల్ని ఇక రెక్క కిందకు రానివ్వదు, తరిమేస్తుంది. అటు పిల్లా కాదు, ఇటు కోడీ కాదు. ఎనిమిదో తరగతి వయసు అనుకోండి. వాటిని ఎవరూ తీసుకోలేదట.

వదిన తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్లో పెట్టాడు. విషయమంతా చెప్పి, "నీ వల్ల కాదు గానీ ఒరే, ఫోను మీ ఆవిడకియ్యి" అంది. నేను పక్కనే చపాతీ పిండి కలుపుతున్నాను, పిండి చేత్తోనే ఫోను అందుకున్నాను. "ఏమ్మా, నా ముసలి పెట్ట ఆఖరి పొదుగు అది. ఇంక పొదగదు. తొమ్మిది ఇస్తున్నా, తొమ్మిదీ నాకు కావాలి" అంది. "అట్టాగే వదినా" అన్నాను. పెట్టేసింది. ఆరేళ్ల తర్వాత నాతో మాట్లాడిన మాటలు అవి. ఆవిడ ఇచ్చినదాన్ని నేను ఎంత భద్రంగా చూసుకుంటానో ఆవిడకు ఒకసారి అనుభవమే, అయినా ఇచ్చింది. ఈసారి తొమ్మిదిలో ఒక్కటి తగ్గినా ఇక ఆ మనిషి ముఖం చూడలేనని నాకు తెలుసు. కోడి గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా కూరలో ఎప్పుడు మసాలా వెయ్యాలన్నది.

మా ఆయన జగ్గయ్యపేట వెళ్లి, గంపలో వేసి కారులో తీసుకొచ్చాడు. కారు వారం రోజులు కంపు కొట్టింది, అది వేరే సంగతి. విద్యుత్ శాఖలో ఇంజినీరుగా రిటైరైన మనిషి కదా, పాత ఎయిర్ కూలర్ డొల్లకు జాలీ బిగించి గూడు చేశాడు. లోపల బల్బు, బయట స్విచ్చి, వర్షం పడకుండా రేకు. చోటు ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి దాంట్లో. పెరట్లో మొక్కలు పాడు చేస్తాయని నేను వాటిని సాయంత్రం ఒక గంట మాత్రమే బయటికి వదిలేదాన్ని. మిగతా రోజంతా తొమ్మిదీ ఆ డబ్బాలోనే. గూడు, గంట లెక్కన టైమ్‌టేబులు, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని మేమిద్దరం తెగ మురిసిపోయాం.

నాలుగో రోజు నుంచి మొదలైంది. రెండేసి పిల్లలు ఎదురెదురుగా నిలబడి, మెడ ఈకలు గొడుగులా విప్పుకుని, గాల్లోకి లేచి రొమ్ములు తాకించుకుని దిగేవి. మొదట్లో ముచ్చటగానే ఉండేది. మా ఆయన కుర్చీ వేసుకుని, కాఫీ పట్టుకుని చూసేవాడు. అన్నిట్లోకి ఎర్రది పొడుగ్గా, మెడ నిటారుగా ఎత్తి తిరిగేది. గిన్నె దగ్గర అది తిన్నాకే మిగతావి తినాలి. "ఇది పుంజోయ్, జాతిది. ఆ నడక చూడు, ఆ చూపు చూడు" అని మురిసిపోయి, దానికోసం విడిగా బాదంపప్పు నానబెట్టి, తొక్క తీసి మరీ పెట్టడం మొదలుపెట్టాడు. మా వైపు మగవాళ్లకు కోడి కాస్త మెడ ఎత్తి నడిస్తే చాలు, ఇక ఒంటి మీద తెలివి ఉండదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో నాకు ఒక్కనాడు ఒక్క బాదంపప్పు నానబెట్టి ఇచ్చిన పాపాన పోలేదు ఈయన.

ఆ బాదంపప్పుల బలమంతా తెల్లపిల్ల మీద తేలింది. తొమ్మిదిలోకి అదే చిన్నది, కాస్త పిరికిది. ఎర్రది దాన్ని వెనకనుంచి పొడిచేది. అది చూసి మిగతావి కూడా వరసగా తలా ఒక పోటు. ఒక పొద్దున గూడు తలుపు తీసేసరికి తోక దగ్గర ఈకలు ఊడిపోయి, రూపాయి బిళ్లంత మేర నెత్తురు కారుతోంది. వెంటనే పసుపూ తాంబూలం డబ్బాలో సున్నమూ రంగరించి పట్టు వేశాను. బెణికినా, కమిలినా మా ఇళ్లలో అదేగా మందు. మా అమ్మ వేసింది, మా అత్తగారు వేశారు, నేనూ వేశాను. పసుపూ సున్నమూ కలిస్తే పారాణిలా ఎర్రగా అవుతుందని మీకు తెలుసు. ఎర్రటి పట్టు వేసి, తెల్లపిల్లను మళ్లీ గూట్లో వదిలి, పెద్ద వైద్యం చేసినదానిలా కాఫీ పెట్టుకోవడానికి వెళ్లాను. నేను వచ్చేసరికి ఎనిమిదీ దాని మీద పడి ఉన్నాయి.

దాన్ని లాక్కొచ్చి వరండాలో గంప కింద పెట్టాను. మూడు రోజులు విడిగా నూకలు, మజ్జిగన్నం, రోజుకు రెండుసార్లు ఎర్రటి పట్టు. గాయం ఎండుతోందనిపించి మళ్లీ గూట్లో వదిలాను. ఈసారి మరీ ఘోరం. మూడు రోజులు కనపడకపోయేసరికి అదెవరో పరాయిది వచ్చిందనుకున్నాయి కాబోలు, ఎర్రది ఒక్క గెంతులో మీద పడింది. తెల్లది తప్పించుకోవడానికి చోటు లేక, తల తీసుకెళ్లి మూలలో దూర్చేసి, కదలకుండా నిలబడిపోయింది. అరవను కూడా అరవలేదు. అలా మూలకు తిరిగి నిలబడే పిల్లల్ని నేను బడిలో చూశాను. అందుకే నాకు ఏడుపొచ్చింది, వదినకు ఏం చెప్పాలన్న భయం ఆ తర్వాత వచ్చింది.

చెప్పడమంటే, రోజూ సాయంత్రం వదిన ఆసుపత్రి మంచం మీదనుంచి వీడియో కాల్ చేసేది. మా ఆయన ఫోను కోడిపిల్లల వైపు తిప్పి, అవి నిలకడగా కనపడకుండా అటూ ఇటూ ఊపుతూ చూపించేవాడు. ఇంజినీరు బుర్ర దానికి మాత్రం పనికొచ్చింది. ఒకనాడు "ఎనిమిదే ఉన్నయ్యేంట్రా, తెల్లది ఏది?" అంది. "గూట్లో నిద్రపోతంది అక్కా" అన్నాడు. "సాయంత్రం అయిదింటికి కోడి నిద్రపోద్దా?" అంది. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాడు. నేను వంటింట్లో తలుపు చాటున నిలబడి, చీర పళ్లెంలో పెట్టి ఇచ్చిన రోజు ఎలా చెమటలు పట్టాయో మళ్లీ అలా తడిసిపోయాను.

మర్నాడు ఆకుకూరలామె వచ్చింది. చెవిటికల్లు నుంచి ఆటోలో తట్టతో వచ్చి మా వీధిలో అమ్ముకుని వెళ్లే మనిషి. తోటకూర కట్టలు వరండాలో దించుతూ గంప కిందకు తొంగి చూసింది. నేను జరిగింది చెప్పాను. ఆమె గంప ఎత్తి తెల్లపిల్లను చేతిలోకి తీసుకుని, తోక దగ్గర ఎర్రటి పట్టు చూసి పడీపడీ నవ్వింది. "పంతులమ్మగారూ, ఎంత పని చేశారండీ! కోడికి ఎరుపు కనపడితే ఆగుద్దా? ఇట్టా ఎర్రగా పూసి వదిలితే, వచ్చి పొడవండి అని బొట్టు పెట్టి పిలిచినట్టే కదా!"

నాకు తల కొట్టేసినట్టయింది. మందు అనుకుని రోజుకు రెండుసార్లు నేనే పిలుస్తున్నానన్నమాట. "మరేం చెయ్యను?" అంటే ఆమె అక్కడే గొంతుక్కూర్చుంది. "మందుల షాపులో నీలం మందు ఉంటది, పిల్లలకి నోరు పూస్తే రాస్తారు చూడండి, అది పుయ్యండి. నెత్తురు కనపడకూడదు. ఇంకోటండీ, తన్నులు తినేదాన్ని తీసి పక్కన పెట్టారేంది? కొట్టేదాన్ని తియ్యాల గానీ! నాలుగైదు రోజులు కనపడకుండా దాన్ని దాచెయ్యండి, పొగరు దిగుద్ది. తెల్లదాన్ని మాత్రం మిగతావాటికి కనపడేట్టు, అందకుండా పెట్టండి. ఆ డబ్బాలో తొమ్మిదింటిని కుక్కితే కొట్టుకోక ఏం చేస్తయ్, పేకాడుకుంటయ్యా?" అంది. వెళుతూ ఒక తోటకూర కట్ట నా చేతిలో పెట్టి, "ఇది తాడుకి కట్టి ఎత్తుగా వేలాడదియ్యండి. ఎగిరి ఎగిరి దాన్ని పొడుచుకుంటయ్" అని చెప్పింది.

కొట్టేదాన్ని తియ్యాలి గానీ అన్న మాట నాకు ఆ రోజంతా చెవిలో మోగుతూనే ఉంది. ముప్పై ఏళ్లలో క్లాసులో ఒక పిల్లను మిగతావాళ్లు ఏడిపిస్తే నేను చేసిన పని ఒకటే. ఏడుస్తున్న పిల్లను లేపి, ముందు బెంచీలో నా కళ్లెదుట కూర్చోబెట్టేదాన్ని. ఏడిపించినవాళ్లు వెనక బెంచీలో దర్జాగా ఉన్నచోటే ఉండేవాళ్లు. ఎంతమంది పిల్లల్ని అలా లేపి ఉంటాను! వాళ్లలో పెద్దవాళ్లు ఇప్పుడు నలభయ్యో పడిలో ఎక్కడెక్కడో ఉండి ఉంటారు. చెవిటికల్లు ఆమె బడికి వెళ్లిందో లేదో నేను అడగలేదు.

మా ఆయన నీలం మందు సీసా తెచ్చాడు. ఆయన తెల్లపిల్లను బండ మీద పట్టుకున్నాడు, నేను మూత తీశాను, అది రెక్క విదిలించింది. సగం సీసా బండ మీద, పావు సీసా మా ఆయన పంచె మీద, మిగిలింది దాని తోక మీద. అంత తంటాలోనూ దానికి నెత్తురు మాత్రం కనపడకుండా పోయింది. తర్వాత నేను నా మొక్కల మీద ఆశ వదిలేసి, కరివేపాకు చెట్టు చుట్టూ వాటికి ఆవరణగా జాలీ కట్టించాను. లోపల నాలుగు ఇటుకలు, ఒక పాత తొట్టి అడ్డం పెట్టాం, తరిమితే దాక్కోవడానికి. నీళ్ల పళ్లెం ఒకటి ఉన్నచోట మూడు పెట్టాం. తెల్లపిల్లను అదే ఆవరణలో చిన్న జాలీ గది చేసి ఉంచాం. ఎర్రదాన్ని ఇంటి ముందు వరండాలో గంప కిందకు పంపించాం. మా ఆయన ఆ గంప పక్కన దిగులుగా కూర్చుని, "పౌరుషం ఉండటం కూడా తప్పేనా?" అన్నాడు. బాదంపప్పులు బంద్ అని చెప్పాను.

అయిదో రోజు పొద్దున, అన్నీ తోటకూర కట్ట కోసం ఎగురుతున్నప్పుడు జాలీ గది తలుపు తీశాను. తీసి, ఎందుకైనా మంచిదని అట్లకాడ పట్టుకుని నిలబడ్డాను. తెల్లది మెల్లగా బయటికొచ్చింది. బూడిదరంగు పిల్ల ఒకటి దాని దగ్గరకు వెళ్లి, చుట్టూ తిరిగి, ఆ నీలం మీద ఒక్క పోటు పొడిచింది. నేను అట్లకాడ ఎత్తాను. ఆ మందు రుచి ఏం బాగుంటుంది? బూడిదది తల విదిలించి, ముక్కును నేలకు అటొకసారి ఇటొకసారి తుడుచుకుని, నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు తోటకూర దగ్గరకు పోయింది. మిగతావి అసలు పట్టించుకోలేదు. తెల్లది వెళ్లి నీళ్లు తాగింది, నాలుగు గింజలు తింది, ఇటుక పక్కన మట్టిలో పొర్లింది. నేను బండ మీద కూలబడి, హమ్మయ్యా అని గట్టిగా పైకే అనేశాను. పక్కింటావిడ ఏమైందని గోడ మీదనుంచి చూసింది. ఏమీ కాలేదండీ, అదే ఆనందం అన్నాను.

ఇంకో రెండు రోజులాగి ఎర్రదాన్ని వదిలాం. అదిప్పుడు కొత్తగా వచ్చినదానితో సమానం కదా, మెడ ఎత్తబోతే బూడిదది ఒక్క పోటు వేసింది. బుద్ధిగా వెళ్లి అన్నిటికన్నా చివర నిలబడింది. కొట్లాటలు పూర్తిగా పోయాయని చెప్పను. ఎవరి వరస ఏమిటో తేల్చుకునేదాకా అప్పుడప్పుడు ఒక మొట్టికాయ తప్పదు. నెత్తురు మాత్రం మళ్లీ కనపడలేదు. ఆ రోజు వీడియో కాల్లో ఫోను ఊపకుండా నేనే పట్టుకున్నాను. "తొమ్మిది" అంది వదిన.

నెలన్నర తర్వాత విజయవాడ నుంచి ఇంటికి వెళుతూ వదిన దారిలో మా ఇంటి ముందు కారు ఆపించింది. వాకర్ పట్టుకుని మెల్లగా దిగుతుంటే చూశాను. గంధం రంగు చీర. కొంగుకు అవే కుచ్చులు. ఆవిడ ఏమీ ఎరగనట్టు పెరట్లోకి నడిచి, కుర్చీలో కూర్చుని, వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. తొమ్మిది వరకూ వచ్చి ఆగింది. "ఒరే, ఆ ఎర్ర పెట్ట బలే ఒళ్లు చేసిందే, ఏం పెట్టారు?" అంది. "పెట్టా?" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో బాధ ఇప్పటికీ నాకు నవ్వు తెప్పిస్తుంది. తర్వాత వదిన చూపు తెల్లదాని మీదకు వెళ్లింది. "దానికేమైంది?" అంది.

ఇంక దాచలేకపోయాను. ఎర్రటి పట్టు దగ్గరనుంచి ఫోను ఊపడం దాకా అన్నీ చెప్పేశాను. చెబుతూ చెబుతూ, "అప్పుడు చీర విషయంలో కూడా నేను కావాలని చెయ్యలేదు వదినా, నిజంగా మర్చిపోయా, సిగ్గుతో అడగలేకపోయా" అని అదీ అనేశాను. వదిన నా వంక చూడకుండా, "నేను కాపురానికొచ్చిన కొత్తల్లో మా అత్తగారి కోళ్లకి పసుపూ సున్నమే పూశా. రెండు పోయినయ్. నక్క ఎత్తుకుపోయిందని చెప్పా. ఆవిడ పోయేదాకా నిజం చెప్పలా" అంది. మళ్లీ తెల్లదాని వంక చూసి, "దాన్ని ఇటియ్యి" అని చెయ్యి చాపింది. తెల్లపిల్లను ఒళ్లో పెట్టాను. రెండో సీసాలో మిగిలిన మందు ఆ పొద్దున్నే ఆఖరిసారి పూశానన్న సంగతి నాకు గుర్తుకొచ్చేసరికి, గంధం రంగు కుచ్చిళ్ల మీద ఇంత మేర నీలం పాకిపోయింది. "అయ్యయ్యో వదినా, చీర!" అన్నాను.

వదిన మరకను చూసుకుంది. బొటనవేలితో ఒకసారి రుద్దింది, పోలేదు. "పోతే పోయిందిలే. ఇంక దీన్ని నువ్వూ నేనూ ఎవరికీ పెట్టలేం" అంది. అని, ఆరేళ్లుగా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి నవ్వింది. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, రెండూ చేసి ఉంటాను. వెళ్లేటప్పుడు గంపలో ఎనిమిదే ఎక్కించమంది. తెల్లదాన్ని నా చేతిలో పెట్టి, "ఇది ఇక్కడే ఉండనీ, దీనికి నువ్వు అలవాటైపోయినావు" అంది.

తెల్లపిల్ల ఇప్పుడు పెద్ద పెట్ట. దాని నీలం ఈకలు మూడు నెలలకే రాలిపోయి కొత్తవి వచ్చాయి. వదిన ఆ చీర కట్టుకునే మా ఇంటికి వస్తుంది, మరక కనపడేలా మరీ కుచ్చిళ్లు పెట్టుకుని. మిగిలింది ఈ బండ మీదది. రెండు వర్షాకాలాలకు సగం పలచబడింది, ఇంకో రెండు మూడు వస్తే అదీ పోతుంది. కడగాల్సినవన్నీ కాలం ఎలాగూ కడిగేస్తుంది, దాని చేతికి మనం యాసిడ్ సీసా అందించడం దేనికి?